అఫ్జల్‌గంజ్ డాక్టర్లు, కార్మికుల ఓట్లు

అఫ్జల్‌గంజ్ బస్టాపులో దిగితే ఒక పక్క స్టేట్ సెంట్రల్ లైబ్రరీ, కాస్త నడిస్తే ఉస్మానియా ఆస్పత్రి. నేను వెళ్లేది లైబ్రరీకే. కానీ వెళ్లిన ప్రతిసారీ ముందు ఆస్పత్రి గేటు వైపు నడుస్తాను, అక్కడ చాయ్ బాగుంటుంది. చేతిలో ఎక్స్‌రే కవరు, చంకలో ఫ్లాస్కు, భుజాన దుప్పటి వేసుకుని జిల్లాల నుంచి వచ్చిన జనం ఎప్పుడూ ఉంటారు. లోపల అడ్మిట్ అయింది ఒక్కరే అయినా, బయట ఫుట్‌పాత్ మీద కూర్చునేది నలుగురు. వాళ్ల మధ్య నుంచి డ్యూటీ దిగిన ఆయమ్మలు, వార్డు బాయ్‌లు బస్సు కోసం గబగబా నడుస్తుంటారు.

ఈ వ్యాసం రాయడానికి కారణం మాత్రం ఆస్పత్రి కాదు, మా ఆఫీసు. కిందటేడు ఒక శుక్రవారం మధ్యాహ్నం పదిహేను నిమిషాల కాల్‌లో మా ఫ్లోర్ మీద కొందరి ఉద్యోగాలు పోయాయి. ఆ సాయంత్రం పార్కింగ్‌లో నిలబడి ఒక జూనియర్ కుర్రాడు "మనకీ ఒక యూనియన్ ఉంటే బాగుండేదన్నా" అన్నాడు. నేను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా జవాబు చెప్పాను: "యూనియన్ అంటే ఎవరో బయటివాడొచ్చి లీడర్ అవుతాడు తమ్ముడూ. నాలుగేళ్లు మన పేరు చెప్పుకుని తర్వాత ఎలక్షన్లో నిలబడతాడు. మనం ఇక్కడే ఉంటాం." వాడు ఇంకేమీ అనలేదు. ఇంటికెళ్లాక నాకే అనుమానమొచ్చింది. ఈ మాట నాకు ఎవరు నేర్పారు? నా జీవితంలో నేను ఒక్క యూనియన్ మీటింగుకి కూడా వెళ్లలేదు కదా.

కోడ్ రాసేవాడికి ఉండే అలవాటు ఒకటుంది. ఒక వాక్యం నిజమో కాదో తెలియకపోతే దాన్ని టెస్ట్ చేసి చూడాలి. నా వాక్యాన్ని టెస్ట్ చేయడానికి దొరికిన కేసు ఈ అఫ్జల్‌గంజ్‌దే. ఒక డాక్టరు, యూనియన్ నాయకుడయ్యాడు, ఆ తర్వాత పార్లమెంటుకి వెళ్లాడు. పేరు రాజ్ బహదూర్ గౌర్. అతని గురించి చదువుతుంటే పక్కనే ఇంకో డాక్టరు కనిపించాడు. ఆయనా యూనియన్ నాయకుడే, ఆయనా పార్లమెంటుకి వెళ్లాడు, కానీ జెండా వేరు, దారి వేరు. ఆయన పేరు జి.ఎస్. మేల్కోటే. ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చూస్తే నా వాక్యంలో ఏది నిలుస్తుంది, ఏది ఎగిరిపోతుంది అన్నదే ఇక్కడ విషయం.

*

ముందు ఊరి సంగతి. అఫ్జల్‌గంజ్ అన్న పేరు అయిదో నిజాం అఫ్జలుద్దౌలా నుంచి వచ్చింది. మొదటి సాలార్‌జంగ్ దివానుగా ఉన్న రోజుల్లో, 1866లో, మూసీ ఒడ్డున అఫ్జల్‌గంజ్ ఆస్పత్రి మొదలైంది. దానికి ఇరవయ్యేళ్ల ముందే, 1846లో, హైదరాబాదులో మెడికల్ స్కూలు ఉంది. క్లోరోఫాం గుండె మీద పనిచేస్తుందా, ఊపిరి మీద పనిచేస్తుందా అన్న తగాదా తీర్చడానికి 1880ల చివర్లో ఎడ్వర్డ్ లారీ అన్న డాక్టరు కమిషన్లు నడిపింది ఈ ఊళ్లోనే. మత్తు డాక్టరుగా పనిచేసిన తొలి మహిళల్లో ఒకరిగా చెప్పుకునే రూపాబాయి ఫర్దూంజీ చదివింది ఆ స్కూల్లోనే.

1908 సెప్టెంబరు 28న మూసీ పొంగింది. పాత ఆస్పత్రి కొట్టుకుపోయింది. ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి దాదాపు 150 మంది బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. తర్వాత ఏడో నిజాం కాలంలో విన్సెంట్ ఎష్ గీసిన నమూనాతో ఇప్పుడు మనం చూసే గుమ్మటాల భవనం లేచింది, 1920ల మధ్యలో తెరుచుకుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం 1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైంది. వైద్యం కూడా ఉర్దూలో బోధించిన కాలం అది.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నిజాం రాజ్యంలో ఒక పేదవాడికి రాజ్యం మెత్తని చెయ్యి తగిలే చోటు ఏదైనా ఉందంటే అది ఈ ఆస్పత్రే. కచేరీలో తహసీల్దారు, ఊళ్లో దేశ్‌ముఖ్, రోడ్డు మీద పోలీసు. ఇక్కడ మాత్రం డాక్టరు. ఒక యువ డాక్టరుకి కూడా, పుస్తకాల్లో కనపడని రాజ్యం కనపడే చోటు ఇదే. రోగి ఒంట్లో ఉన్న జబ్బు పేరు రాస్తాం, ఆ జబ్బుకి కారణం అతని కూలి రేటు అని ఎక్కడ రాయాలి? ఈ ప్రశ్న హైదరాబాదులోనే పుట్టింది కాదు. 1848లో జర్మనీలో రుడాల్ఫ్ విర్కో అనే కుర్ర డాక్టరు అప్పర్ సైలీషియాలో టైఫస్ ఎందుకొచ్చిందో చూసి రమ్మంటే వెళ్లి, దీనికి మందు ప్రజాస్వామ్యం, చదువు, ఆర్థిక స్వేచ్ఛ అన్న అర్థంలో రిపోర్టు రాశాడు. రాజకీయమంటే పెద్ద కొలతలో చేసే వైద్యమే అన్నది ఆయన వాదన. తర్వాత ఆయన చట్టసభ సభ్యుడయ్యాడు కూడా.

*

రాజ్ బహదూర్ గౌర్ 1918 జులై 21న పాతబస్తీ గౌలిపురాలో పుట్టారు. ఉస్మానియా వైద్య కళాశాలలో డాక్టరీ చదివారు. 1939 ప్రాంతంలో హైదరాబాదులో కామ్రేడ్స్ అసోసియేషన్ పేరుతో ఒక చిన్న బృందం తయారైంది. అందులో మఖ్దూం మొహియుద్దీన్, ఆలం ఖుంద్‌మీరీ, జవాద్ రజ్వీ లాంటి వాళ్లతో పాటు గౌర్ కూడా ఉన్నారు. మఖ్దూం అప్పటికి సిటీ కాలేజీలో అధ్యాపకుడు. అఫ్జల్‌గంజ్ నుంచి నయాపుల్ దాటి కుడివైపు తిరిగితే సిటీ కాలేజీ. ఒక వైపు ఒడ్డున డాక్టరీ చదివే కుర్రాడు, ఇంకో వైపు ఒడ్డున ఉర్దూ కవి. 1941లో మఖ్దూం ఆ ఉద్యోగం వదిలేశారు. గౌర్ కూడా డిగ్రీ చేతికొచ్చాక బోర్డు పెట్టుకుని ప్రాక్టీసులో కుదురుకోలేదు. ఇద్దరూ యూనియన్లలోకి దిగారు.

ఎక్కడెక్కడి యూనియన్లు? చార్మినార్ సిగరెట్ ఫ్యాక్టరీ, ఆల్విన్, రైల్వే, షాబాద్ సిమెంటు. 1946లో ఇలాంటివన్నీ కలిసి ఆల్ హైదరాబాద్ ట్రేడ్ యూనియన్ కాంగ్రెస్ అయ్యాయి. మఖ్దూం అధ్యక్షుడు, గౌర్ ముఖ్య నాయకుల్లో ఒకరు. అదే ఏడాది నల్గొండ, వరంగల్ ఊళ్లలో వెట్టికి, దొరలకి ఎదురు తిరిగిన రైతుల మీద నిర్బంధం పెరిగి సాయుధ పోరాటం వైపు పరిస్థితి మళ్లింది. నగరంలో యూనియన్ నాయకులకి అరెస్టులు, అజ్ఞాతవాసం వచ్చిపడ్డాయి. గౌర్ గురించి పాతతరం కామ్రేడ్లు ఇష్టంగా చెప్పుకునే కథ ఒకటుంది. జైల్లో ఉన్న ఆయన్ని వైద్యానికని ఉస్మానియా ఆస్పత్రికి తీసుకొస్తే, కాపలా వాళ్ల కళ్లుగప్పి అక్కడి నుంచి తప్పించుకున్నారట. ఏ మెట్లు ఎటు దిగుతాయో, ఏ తలుపు ఎటు తెరుచుకుంటుందో అక్కడ చదువుకున్నవాడికి కాక ఎవరికి తెలుస్తుంది? వింటే నవ్వొస్తుంది. కానీ డాక్టరుగా ఉండాల్సిన చోటుకి ఖైదీగా రావడమన్నది ఆలోచిస్తే నవ్వు ఆగిపోతుంది.

1948 సెప్టెంబరులో నిజాం పాలన పోయింది, కానీ కమ్యూనిస్టుల మీద నిషేధం పోలేదు. 1951 అక్టోబరులో సాయుధ పోరాటం విరమించారు. పార్టీ పేరుతో పోటీకి వీల్లేదు కాబట్టి పీపుల్స్ డెమోక్రటిక్ ఫ్రంట్ అన్న పేరుతో 1952 ఎన్నికలకి వెళ్లారు. నల్గొండ లోక్‌సభ స్థానంలో రావి నారాయణరెడ్డికి నెహ్రూ కంటే ఎక్కువ ఓట్లు వచ్చాయన్న సంగతి మనలో చాలామంది క్విజ్ పోటీల్లో విన్నదే. మెదక్ నుంచి గెలిచిన పీడీఎఫ్ ఎంపీ కూడా ఒక డాక్టరే. సరోజినీ నాయుడు కొడుకు జయసూర్య. రామంతాపూర్‌లోని ప్రభుత్వ హోమియో కాలేజీ పేరులో 'జయసూర్య పొట్టి శ్రీరాములు' అని ఉంటుంది చూడండి, ఆ జయసూర్య ఈయనే.

గౌర్ మాత్రం లోక్‌సభకి కాదు, రాజ్యసభకి వెళ్లారు. 1952లో ఏర్పడిన మొట్టమొదటి రాజ్యసభలో హైదరాబాద్ రాష్ట్రం నుంచి కమ్యూనిస్టు సభ్యుడు. 1962 దాకా ఉన్నారు.

ఇక్కడ నేను మొదట కొంచెం నిరుత్సాహపడ్డాను. రాజ్యసభ అంటే జనం ఓటు వేసేది కాదు కదా, ఎమ్మెల్యేలు వేసేది. 'కార్మిక నాయకుడు' అనిపించుకున్నవాడు కార్మికుల ఓటుతో గెలవాలి గానీ ఈ దారేంటి అనుకున్నాను. తర్వాత కాగితం మీద లెక్క వేశాను. అప్పటి హైదరాబాద్ శాసనసభలో 175 సీట్లు. కాంగ్రెస్‌కి 93, పీడీఎఫ్‌కి 42. రాజ్యసభలో రాష్ట్రానికి 11 స్థానాలు. ఎమ్మెల్యే తన ఓటుని ఒకటి, రెండు, మూడు అని వరస పెట్టి వేసే పద్ధతిలో, 175ని 12తో భాగిస్తే 14.58. అంటే పదిహేనుమంది మొదటి ఓటు వేస్తే ఒక సీటు ఖాయం. 42 మంది ఉన్న పీడీఎఫ్‌కి ఎవరి దయా లేకుండానే రెండు సీట్లు వస్తాయి.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ 42 మంది ఎవరు, ఎక్కడి నుంచి గెలిచారు? ఎక్కువ మంది నల్గొండ, వరంగల్, కరీంనగర్ ఊళ్ల నుంచి. చార్మినార్ సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికులు కాదు వాళ్లని గెలిపించింది, గడీల ముందు చెప్పులు చేత్తో పట్టుకుని నడిచిన రైతులు, కూలీలు. నగరంలో యూనియన్లకి పెద్దదిక్కయిన మఖ్దూం కూడా ఆ ఏడాది శాసనసభలో అడుగుపెట్టింది హుజూర్‌నగర్ ఉప ఎన్నిక నుంచే. అంటే హైదరాబాదు కార్మికుల గొంతు ఢిల్లీ దాకా, అసెంబ్లీ దాకా వెళ్లింది పల్లెల ఓట్ల మీద ఎక్కి. దొడ్డిదారి అని నేననుకున్నది, అసలు ఎవరూ ఊహించని పెద్ద దర్వాజా. తన కోసం ఒక్క యూనియన్ కూడా లేని కూలీ వేసిన ఓటు, తాను ఎప్పుడూ చూడని ఫ్యాక్టరీ కార్మికుడి నాయకుణ్ని పార్లమెంటులో కూర్చోబెట్టింది.

*

రెండో డాక్టరు దగ్గరికి వద్దాం. జి.ఎస్. మేల్కోటే 1901లో పుట్టారు, గౌర్ కంటే పదిహేడేళ్లు పెద్ద. హైదరాబాదులో వైద్యుడు, స్టేట్ కాంగ్రెస్ మనిషి. 1947 మేలో కాంగ్రెస్ వాళ్ల పెద్ద కార్మిక సంఘం ఐఎన్‌టీయూసీ పుట్టాక హైదరాబాదులో దానికి నాయకత్వం వహించింది ఈయన. ఒక్కసారి ఆగి చూస్తే వింతగా ఉంటుంది. ఎర్రజెండా యూనియన్ల వైపు ఒక డాక్టరు, మూడురంగుల యూనియన్ల వైపు ఇంకో డాక్టరు. ఫ్యాక్టరీ గేటు దగ్గర తిట్టుకునేది వాళ్ల వాళ్లే, కానీ రెండు వైపులా మాట్లాడేది స్టెతస్కోప్ పట్టినవాళ్లు.

1952 మార్చిలో బూర్గుల రామకృష్ణారావు ముఖ్యమంత్రి అయ్యారు. ఆ మంత్రివర్గంలో మేల్కోటే ఆర్థికమంత్రి. ఉస్మానియాలోనే డాక్టరీ చదివిన మర్రి చెన్నారెడ్డి కూడా ఆ మంత్రివర్గంలో ఉన్నారు. ఆరు నెలలు తిరక్కుండా అఫ్జల్‌గంజ్‌లో కాల్పులు జరిగాయి. బయటివాళ్లకి ఉద్యోగాలు ఇస్తున్నారని ముల్కీ ఆందోళన లేచింది. 1952 సెప్టెంబరు 3, 4 తేదీల్లో సిటీ కాలేజీ దగ్గర, ఉస్మానియా ఆస్పత్రి, అఫ్జల్‌గంజ్ పరిసరాల్లో పోలీసులు కాల్చారు. కుర్రాళ్లు చనిపోయారు. కాల్పుల మీద విచారణ జరిపింది జస్టిస్ పింగళి జగన్మోహన్ రెడ్డి. గాయపడినవాళ్లని మోసుకొచ్చింది ఈ ఆస్పత్రికే, జనం గుమిగూడిందీ ఈ గేటు ముందే. ప్రభుత్వంలో కూర్చున్న యూనియన్ డాక్టరుకి ఆ రోజు ఎలా ఉండి ఉంటుందో నేను చెప్పలేను, ఊహించి రాయడం కూడా అన్యాయం. కానీ ఆ తర్వాత ఆయన ప్రయాణం ఎటు సాగిందో రికార్డులో ఉంది. 1957లో రాయచూరు నుంచి లోక్‌సభకి. 1962లో, 1967లో హైదరాబాద్ నుంచి, కాంగ్రెస్ టికెట్ మీద. 1969లో తెలంగాణ ఉద్యమం వచ్చింది, 369 మంది చనిపోయారని ఉద్యమం చెప్పే లెక్క. 1971లో మేల్కోటే మళ్లీ హైదరాబాద్ నుంచే గెలిచారు. ఈసారి చెన్నారెడ్డి నాయకత్వంలోని తెలంగాణ ప్రజా సమితి తరఫున. ఆ ఎన్నికల్లో సమితి గెలిచిన పది స్థానాల్లో ఇదొకటి.

1952లో అఫ్జల్‌గంజ్‌లో కుర్రాళ్లు ఏ మాట కోసం రోడ్డెక్కారో, 1971లో దాదాపు అదే మాట మీద అప్పటి మంత్రి ఓటడిగి గెలిచాడు. దీన్ని అవకాశవాదం అనొచ్చు, ఆలస్యంగా కళ్లు తెరవడం అనొచ్చు. నాకు మాత్రం ఇంకో విషయం ముఖ్యంగా కనిపిస్తోంది. లోక్‌సభ కోసం హైదరాబాదు ప్రజలు ఆయనకి మూడుసార్లు నేరుగా ఓటు వేశారు. రెండుసార్లు కాంగ్రెస్ పేరు మీద, ఒకసారి తెలంగాణ పేరు మీద. ఐఎన్‌టీయూసీ నాయకుడన్న పేరొక్కటే పట్టుకుని ఆయన ఏ ఎన్నికా ఈదలేదు. గౌర్‌కి పల్లెల భుజం కావాల్సి వచ్చినట్టే, మేల్కోటేకి పెద్ద జెండా నీడ కావాల్సి వచ్చింది.

యూనియన్ సభ్యత్వాన్ని ఇస్తుంది, నియోజకవర్గాన్ని ఇవ్వదు. ఫ్యాక్టరీలో ఒకే షెడ్డు కింద నిలబడ్డ వెయ్యిమంది, సాయంత్రం సైరన్ మోగాక వెయ్యి ఇళ్లకి వెళతారు. ఓటు షెడ్డులో కాదు, ఇంటి దగ్గర. ఇంటి దగ్గర కులం ఉంది, మతం ఉంది, నల్లా నీళ్లు తెప్పించే కార్పొరేటర్ ఉన్నాడు. అందుకే కార్మికులు పనిచేసే చోటే, అదే బస్తీల్లో ఉండే చోట లెక్క మారుతుంది. ఆజమాబాద్ పారిశ్రామికవాడకి ఆనుకుని ఉన్న ముషీరాబాద్ చూడండి. ఆల్విన్‌లో కార్మికుడిగా మొదలై ముఖ్యమంత్రి దాకా వెళ్లిన టి. అంజయ్య అక్కడి నాయకుడు. 1978లో అక్కడే ఆయన్ని ఓడించిన నాయిని నర్సింహారెడ్డి కూడా హిందూ మజ్దూర్ సభ యూనియన్ నాయకుడే. ఒక యూనియన్ మనిషిని ఇంకో యూనియన్ మనిషి ఓడించిన నియోజకవర్గం మన నగరంలో ఉండేదంటే, ఇప్పటి హైటెక్ సిటీ పిల్లలకి చెప్పినా నమ్మరు.

*

నా వాక్యంలో మొదటి ముక్క 'బయటివాడు'. ఇది నిజమే. గౌర్ సిగరెట్లు చుట్టలేదు, మేల్కోటే మర దగ్గర నిలబడలేదు. అయితే ఇది వాళ్లు దొంగచాటుగా చేసిన పని కాదు. దేశంలో యూనియన్లకి మొదటి చట్టమైన 1926 ట్రేడ్ యూనియన్ల చట్టమే కార్యవర్గంలో సగం మంది దాకా ఆ పరిశ్రమలో పనిచేయనివాళ్లు ఉండొచ్చని ఒప్పుకుంది. కారణం సింపుల్. పనిచేసేవాడు యజమాని ముందు నోరు విప్పితే మర్నాడు గేటు మూసుకుంటుంది. బయటివాణ్ని ఉద్యోగం నుంచి తీసేయలేరు, ఎందుకంటే అతనికి అక్కడ ఉద్యోగం లేదు. పైగా దరఖాస్తు రాయాలి, చట్టం చదవాలి, అధికారి ఎదురుగా కుర్చీలో కూర్చుని మాట్లాడాలి. అప్పటి హైదరాబాదులో ఇవి చేయగలిగింది వకీలు, పంతులు, డాక్టరు. మన బరంపురం వి.వి. గిరి బారిస్టరు చదువు చదివి రైల్వే కార్మికుల నాయకుడయ్యాడు. అదే వరస.

2001లో చట్టం మార్చారు. వ్యవస్థీకృత రంగంలో బయటివాళ్లు మూడో వంతుకో, అయిదుగురికో, ఏది తక్కువైతే దానికి మించకూడదన్నారు. కార్మికులే తమ నాయకులవ్వాలన్న మాట వినడానికి బాగుంటుంది. కానీ కాంట్రాక్టు మీద పనిచేసే మనిషి, వచ్చే నెల రెన్యువల్ ఉంటుందో లేదో తెలియని మనిషి, కార్యదర్శి కుర్చీలో ఎంత ధైర్యంగా కూర్చోగలడు? నేను పార్కింగ్‌లో ఆ కుర్రాడితో 'బయటివాడు' అన్నప్పుడు, లోపలివాడైన నేను నోరు విప్పలేనన్న సంగతి దాచిపెట్టాను.

రెండో ముక్క 'ఎలక్షన్లో నిలబడతాడు'. అదీ నిజమే. కానీ అందులో తప్పేముందో ఇప్పుడు నాకు అర్థం కావడం లేదు. కనీస వేతనం యజమాని ఇచ్చేది కాదు, చట్టం చెప్పేది. ఆస్పత్రిలో పడకలు సూపరింటెండెంట్ పెంచేవి కావు, బడ్జెట్ పెంచేవి. గేటు దగ్గర గెలిచింది చట్టసభలో నిలబడకపోతే మర్నాడు మళ్లీ గేటు దగ్గరికే రావాలి. చిలీలో సాల్వడోర్ అయెండే అనే డాక్టరు 1939లో ఆరోగ్యమంత్రి అయ్యి, 1970లో దేశాధ్యక్షుడయ్యింది ఈ లెక్క మీదే.

*

నన్ను ఇబ్బంది పెట్టేది మూడో సంగతి, నా వాక్యంలో లేనిది. గౌర్, మేల్కోటే, జయసూర్య, చెన్నారెడ్డి. అందరూ డాక్టర్లే. అందరూ మగవాళ్లే. అదే ఆస్పత్రిలో రాత్రంతా మేల్కొన్న నర్సు, రక్తం తుడిచిన ఆయమ్మ, శవాన్ని మార్చురీకి తోసుకెళ్లిన వార్డు బాయ్ ఈ కథలో ఎక్కడా లేరు. సిగరెట్ ఫ్యాక్టరీ కార్మికుడి తరఫున మాట్లాడ్డానికి డాక్టరు ఆస్పత్రి వదిలి వెళ్లాడు. ఆస్పత్రి కార్మికురాలి తరఫున ఏ అసెంబ్లీకి ఎవరు వెళ్లారు?

దీనికి ఒక గట్టి కారణం ఉంది. ప్రభుత్వ ఉద్యోగంలో ఉన్న నర్సు ఎన్నికలో పోటీ చేయకూడదు, రాజీనామా చేస్తే తప్ప. డాక్టరు రాజీనామా చేసి ఓడిపోతే క్లినిక్ పెట్టుకుంటాడు. నర్సు రాజీనామా చేసి ఓడిపోతే ఏం పెట్టుకుంటుంది? ఔట్‌సోర్సింగ్ మనిషికైతే రాజీనామా కూడా అవసరం లేదు, రేపటి నుంచి రావద్దంటే చాలు. 2020 జులైలో, కోవిడ్ ఉధృతంగా ఉన్నప్పుడు గాంధీ ఆస్పత్రి ఔట్‌సోర్సింగ్ నర్సులు విధులు బహిష్కరించారు. టీవీలో వాళ్లని చూసి మనం బాల్కనీల్లో చప్పట్లు కొట్టిన చేతులతోనే 'ఇప్పుడా సమ్మె?' అని మెసేజ్‌లు పెట్టాం. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆశా వర్కర్లకి అంతర్జాతీయ పురస్కారం ఇచ్చింది. 2023 సెప్టెంబరులో, తెలంగాణ ఎన్నికలకి రెండు నెలల ముందు, అదే ఆశాలు, అంగన్‌వాడీలు జీతం కోసం రోడ్డు మీద కూర్చున్నారు. అన్ని పార్టీలవాళ్లూ వాళ్ల టెంటుకి వెళ్లారు, ఫొటోలు దిగారు, హామీలిచ్చారు. టికెట్ల జాబితాలు వచ్చినప్పుడు ఆ టెంటులోని ముఖం వెతికితే నాకు కనపడలేదు.

ఇది జరగని పనేమీ కాదు. అమెరికాలో ఎడీ బెర్నిస్ జాన్సన్ అనే నల్లజాతి నర్సు, డల్లాస్‌లో మాజీ సైనికుల ఆస్పత్రిలో పనిచేసి, 1992లో ఆ దేశ కాంగ్రెస్‌కి ఎన్నికైంది. నర్సుగా రిజిస్టరైనవాళ్లలో అక్కడికి ఎన్నికైన మొదటి మనిషి. ముప్పయ్యేళ్లు ఉంది. మనకి గౌర్ సాబ్ అప్పట్లో తెరిచిన దర్వాజా పెద్దదే గానీ, దాంట్లోంచి ఇప్పటిదాకా నడిచింది తెల్లకోటువాళ్లే.

*

రాజ్యసభ తర్వాత గౌర్ పార్టీలో, ఏఐటీయూసీలో, ఉర్దూ సాహిత్యంలో బతికారు. అంజుమన్ తరఖ్ఖీ ఉర్దూ పనులు చూశారు, విమర్శ రాశారు. 2011 అక్టోబరు 7న, 93 ఏళ్ల వయసులో చనిపోయారు. ఆయన చదువుకున్న రోజుల నాటి ఆస్పత్రి భవనంలోకి 2020 జులై వానలకి నీళ్లొచ్చాయి, రోగుల్ని వేరే బ్లాకులకి మార్చి పాత భవనాన్ని మూసేశారు. 2025 జనవరి 31న గోషామహల్‌లో కొత్త ఉస్మానియాకి శంకుస్థాపన జరిగింది. కొత్త భవనంలో పడకలెన్ని, అంతస్తులెన్ని అన్న లెక్కలు పేపర్లలో వచ్చాయి. అందులో ఎంతమంది పర్మినెంటు, ఎంతమంది ఔట్‌సోర్సింగ్ అన్న లెక్క కోసం వెతకండి.

కిందటి ఆదివారం మళ్లీ గేటు దగ్గర చాయ్ తాగుతుంటే ఇద్దరు ఆయమ్మలు పక్కన నిలబడి జీతం ఇంకా పడలేదని మాట్లాడుకుంటున్నారు. "యూనియన్ అన్నకి చెప్దాం" అంది ఒకామె. "ఆ అన్నకేం తెల్సు అక్కా, మనమే పోదాం పా" అంది రెండో ఆమె. గ్లాసులు పెట్టేసి వెళ్లిపోయారు.

లైబ్రరీ మెట్లెక్కే ముందు ఆ జూనియర్ కుర్రాడికి మెసేజ్ పెట్టాను. 'ఆ రోజు నేను చెప్పింది సగం తప్పు. టైముంటే కలుద్దాం, యూనియన్ గురించే.' వాడు ఇప్పుడు వేరే కంపెనీలో ఉన్నాడు. బొటనవేలు గుర్తు పెట్టాడు, ఆ తర్వాత కాసేపటికి, 'ఎవరు నిలబడతారన్నా?' అని అడిగాడు. జవాబు ఇంకా టైపు చేయలేదు.